నాలుగు వేళ్ల ఎడం

టెస్టర్ కొన బోరు మోటరు డబ్బా తలుపుకు ఆనించగానే దాని పిడిలో చిన్న దీపం ఎర్రగా వెలిగింది. సరిగ్గా పెద్దమ్మ పెట్టిన కుంకుమ బొట్టు పక్కన.

చెయ్యి వెనక్కి లాక్కున్నాను. నా కళ్లే మోసం చేశాయేమోనని మళ్లీ ఆనించాను. మళ్లీ వెలిగింది. సన్నగా తుంపర పడుతోంది. కాళ్లకు రబ్బరు చెప్పులున్నాయి, చెప్పుల కింద బురద. ఇనుప తలుపులోకి కరెంటు వచ్చి కూర్చుంది. ఆ డబ్బా చేసింది నేనే.

"ఏందే, గట్ల నిలబడ్డవ్?" గట్టు మీద నుంచి నాయిన అడిగాడు.

"ఇటు రాకు నాయినా. డబ్బా ముట్టకు. లైన్‌మన్ జైపాల్‌కు ఫోన్ జేసి కరెంటు తీయమను."

నా గొంతు వినగానే నాయిన ఫోన్ తీశాడు. ఆయనకు నిరుడు గుర్తొచ్చింది. నాకూ అదే గుర్తొచ్చింది.

మాది శామీర్‌పేట రోడ్డు నుంచి రెండు కిలోమీటర్లు లోపలికి. మూడెకరాల ఆకుకూర మడులు, ఒక్క బోరు. మా నాయిన గండయ్య, పెద్దనాయిన బాలనర్సయ్య వేరుపడ్డప్పుడు భూమిని పంచుకున్నారు. బోరును పంచుకోవడం కుదరదు గనక రోజులు పంచుకున్నారు. సోమ, బుధ, శుక్ర మాది. మంగళ, గురు, ఆది వాళ్లది. శనివారం ఎవరికి తక్కువైతే వాళ్లది. నిరుడు వానాకాలంలో ఒక గురువారం, తన వంతు నాడు, పెద్దనాయిన పాత ఇనుప స్టార్టర్ డబ్బా ముట్టుకుని అక్కడికక్కడే పడిపోయాడు. అప్పటి నుంచి మైసమ్మ పెద్దమ్మ తన వంతు నీళ్లు అడగలేదు. "నాకెందుకు నీళ్లు" అని ఒక్క మాట అని ఊరుకుంది. ఆమె మడులు గడ్డిపట్టి పోయాయి. పక్కన ప్లాట్ల వెంచర్ వాళ్లు లేపిన గోడకూ మా పాలకూరకూ మధ్య ఎకరంన్నర గడ్డి.

నేను మేడ్చల్‌లో కరెంటు ప్యానెల్ బోర్డులు చేసే ఒక చిన్న యూనిట్లో వైరింగ్ చేస్తాను. డిప్లొమా చదివాను. పెద్దనాయిన పోయిన నాటి నుంచి నాకు ఒకటే పిచ్చి. ఆ డబ్బాను ఎవరూ ముట్టనక్కర లేకుండా మోటరు నడవాలి. ఫోన్ కొడితే ఆన్ కావాలి, మళ్లీ కొడితే ఆగాలి, ఆన్ అయినా ఆగినా నా ఫోనుకు మెసేజ్ రావాలి. ఇలాంటివి బజార్లో దొరుకుతాయి, నాకు తెలుసు. కాని వాటిని తెచ్చి మళ్లీ ఆ పాత డబ్బాలోనే బిగించాలి. అది నాకు వద్దు. అందుకే సర్క్యూటూ స్టార్టరూ కలిపి ఒకే కొత్త డబ్బాలో పెట్టాలనుకున్నాను. సర్క్యూట్ మూడు వారాల్లో అయిపోయింది. డబ్బాకు ఈ వానాకాలమంతా పట్టింది.

మొదటి డబ్బా ఇదే. యూనిట్లో పక్కన పడేసిన ఇనుప ప్యానెల్‌కు రంగేసి, బోరు పక్కన నిలువుగా పాతిన రెండు రాతి కడీల మధ్య బిగించాను. ఇనుమైతే ఏమైంది, ఎర్తు వైరు వేశాను గదా అని నా ధైర్యం. కరెంటు ఎక్కడన్నా దారి తప్పితే ఆ వైరు దాన్ని భూమిలోకి పంపేస్తుంది.

జైపాల్ లైను తీయించాక పోయి చూస్తే తలుపు దగ్గరి వైరుకు చెమ్మ పట్టి ఉంది, ఎర్తు వైరేమో లేనే లేదు. రాగి గదా, ఎవరో కోసుకుపోయారు. వైరు పోయినా మోటరు మామూలుగానే నడుస్తుంది, అందుకని ఎవరికీ తెలియలేదు. ఎన్ని రోజులైందో కూడా తెలియదు.

పెద్దమ్మ గట్టు మీద కూర్చుని వేపపుల్ల నములుతోంది.

"పెద్దమ్మా, డబ్బాకు బొట్టెప్పుడు పెట్టినవ్?"

"పొద్దుగాల. రోజూ పెడత గదా."

"ముడితే ఏమన్న అనిపిచ్చిందా?"

"జరంత జివ్వుమంటది. వాన పడ్డనాడు ఇంక జరంత."

నాయిన గట్టు మీద కూలబడ్డాడు. "ఎన్ని దినాల సంది వదినా?"

"పది దినాలైతాందేమో."

పది రోజులు. తడి నేల మీద వట్టి కాళ్లతో నిలబడి, తడి వేలితో. భయం నాకు కోపంగా బయటికొస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే.

"ముట్టొద్దని ఎన్నిసార్లు జెప్పిన? ఇగ అంత ఫోన్‌తోని నడుస్తదని జెప్పలేదా?"

"మోటర్ ఫోన్‌తోని నడుస్తది బిడ్డా. బొట్టు ఫోన్‌తోని పెట్టస్తదా?"

నాయిన నవ్వబోయి ఆపుకున్నాడు. నాకు నవ్వు రాలేదు.

*

మా యూనిట్లో పెద్ద మేస్త్రీ లక్ష్మణన్న. ముప్పై ఏళ్లుగా ప్యానెళ్లు కడుతున్నాడు. ఇప్పటికీ ఏ డబ్బానైనా ముందు చేతి వెనక వైపుతోనే తాకుతాడు. అరచేత్తో తాకితే షాక్ కొట్టినప్పుడు వేళ్లు ముడుచుకుని దాన్నే పట్టుకుంటాయి. వెనక వైపైతే చెయ్యి ఎగిరి అవతల పడుతుంది. కరెంటు పనిలో భయస్తులే ముసలోళ్లవుతారని ఆయన మాకు చెప్పిన మొదటి మాట. ఆ లెక్కన నేను వందేళ్లు బతకాలి.

నేను చెప్పిందంతా విని ఆయన స్క్రూలు బిగిస్తూనే అన్నాడు. "డబ్బా అంటే ఏందనుకున్నవ్ సరళా? లోపలి సామాను కాపాడేటిది అనుకున్నవ్. గాదు. బయటి మనిషిని కాపాడేటిది. ఇనుము పెట్టి ఎర్తును నమ్మినవ్. ఎర్తు పోతె?"

"ఈసారి ఫైబర్‌ది జేస్తన్న."

"జెయ్యి. ముందుగాల ఎవరెవరు ముడతరో కనుక్కో."

"ఇగ ఎవరూ ముట్టరు. గట్టిగ జెప్పిన."

ఆయన తలెత్తి నా మొహం చూసి, మళ్లీ స్క్రూల మీదికి వంగాడు.

రెండో డబ్బా కరెంటు పారని ఫైబర్ ప్లాస్టిక్‌తో చేశాను. తలుపుకు చుట్టూ రబ్బరు పట్టీ. వైర్లు కింద నుంచి. మోటరు నడిచినంతసేపూ లోపల వేడెక్కుతుంది గనక ముందు వైపు పైన గాలి ఆడడానికి వరసగా సన్న గంట్లు పెట్టాను, బల్లులు దూరకుండా వాటికి జాలీ, వాన పడకుండా వాటి మీద చిన్న చూరు. వాన పైనుంచి పడుతుంది, చూరు దాన్ని ఆపుతుంది. ఎదురుగా వచ్చి నీళ్లు చల్లే వాళ్లెవరుంటారు? ఆ మాట నేను గట్టిగానే అనుకున్నాను, నవ్వుకున్నాను కూడా.

బిగించిన రోజు పెద్దమ్మను పిలిచి ఎదురుగా నిలబెట్టి చెప్పాను. "దీన్ని ముట్టద్దు. బొట్టద్దు, దండమద్దు. నా మీద ఒట్టెయ్యి."

"సరే తియ్," అంది పెద్దమ్మ. ఒట్టు మాత్రం వెయ్యలేదు. నేనది పట్టించుకోలేదు.

*

శ్రావణంలో రెండో ఆదివారం మా ఊళ్లో బోనాలు. ఆ రోజే యూనిట్లో అర్జెంటు పని పడింది. మధ్యాహ్నానికి వచ్చేస్తానని అమ్మకు చెప్పి పొద్దున్నే మేడ్చల్ వచ్చేశాను. ఆకాశం మబ్బుగా ఉంది.

పదిన్నర దాటాక ఫోనుకు మెసేజ్ వచ్చింది. మోటర్ ఆన్.

ఆదివారం పూట మోటరు ఎవరు వేశారు అనుకున్నాను. నాయినే వేసి ఉంటాడు. బోనాల నాడు మొదటి సాక బోరుకు పోస్తారు మా ఇంట్లో. పసుపు నీళ్లలో బెల్లం కలిపి, వేపాకులు వేసి చెంబు నిండా పట్టుకుపోతారు. నీళ్లు పారుతుండగానే పోయాలి, ఆగిన బోరుకు సాక పోయకూడదు. అందుకే మోటరు వేసి ఉంటారు.

నా చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే ఆగిపోయింది.

చిన్నప్పుడు ఆ చెంబు మోసింది నేనే. పెద్దమ్మ నా చేతిలో నుంచి చెంబు తీసుకుని, ముందు అరచేత్తో రెండుసార్లు ఎదురుగా చల్లేది. మూడోసారి చెంబు ఎత్తి డబ్బా మొహాన కుమ్మరించేది. బోరంటే మాకు ఆ డబ్బానే, బోరు కన్ను నేల లోపల ఉంటుంది గనక. పదేళ్లు పక్కన నిలబడి చూసిన దాన్ని. ఎదురుగా నీళ్లు చల్లేదెవరని నవ్వుకున్నది ఈ తలకాయే.

పెద్దమ్మకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. నాయిన ఎత్తలేదు. అమ్మ ఎత్తలేదు. డప్పుల మధ్య ఎవరు వింటారు? మోటరుకు ఫోన్ కొట్టి ఆపాను. మోటర్ ఆఫ్ అని మెసేజ్ వచ్చింది. ఒక్క నిమిషం కాలేదు, మళ్లీ మోటర్ ఆన్. అది దానంతటదే ఆగిందనుకుని నాయిన మళ్లీ వేసినట్టున్నాడు. అయినా ఆపి ఏం లాభం? మోటరు ఆగినా కరెంటు తెచ్చే మూడు ఫేజు వైర్లూ డబ్బా దాకా వచ్చి నిలబడే ఉంటాయి. నా ఫోను మోటరును ఆపగలదు, కరెంటును ఆపలేదు.

"లక్ష్మణన్నా, నేను పోతన్న," అన్నాను.

"ఏమైంది?"

"సాక పోస్తరు. డబ్బాకు ఎదురుగ గంట్లు పెట్టిన."

ఆయనకు రెండో మాట అవసరం లేదు. "జల్దీ పో. లైన్‌మన్‌కు జెయ్యి ముందు."

రోడ్డు మీద షేర్ ఆటో ఎక్కి జైపాల్‌కు చేశాను.

"అక్కా, ఫీడర్ లైను బందు జేసుడు నా చేతిల లేదు. నేను తుర్కపల్లి దిక్కున్న. సబ్‌స్టేషన్ల అడగాలె. బోనాల పూట కరెంటు తీస్తె ఊరోళ్లు నన్ను కొడతరు."

"కొట్టనీ. మా పెద్దనాయిన సంగతి నీకెరుకే గదా. నువ్వే గదా ఆ దినం లైను తీయించింది."

"అడుగుత అక్కా," అని పెట్టేశాడు.

ఆటో ప్రతి మలుపు దగ్గరా ఆగుతోంది. బోనాలకు పోయే ఆడవాళ్లు, నెత్తిన బోనాలు, చేతుల్లో కోళ్లు. నేను డ్రైవర్ని తిట్టాను, తర్వాత బతిమాలాను. పక్కనున్న ఆవిడ "ఎవరికన్న పానం బాగలేదా బిడ్డా?" అని అడిగింది. తెలియదని చెప్పాను. అదే నిజం.

ఔటర్ రింగ్ రోడ్డు కింద నుంచి పోతుంటే మూడో మెసేజ్ వచ్చింది. మోటర్ ఆగింది. ఒక ఫేజు లేదు.

అది ఎవరైనా ఆపితే వచ్చే మెసేజ్ కాదు. లోపల ఏదో కాలితే, ఫ్యూజు పోతే వచ్చేది. దాన్ని రాసింది నేనే. ఒక ఫేజు పోయింది, ఇంకా రెండు ఫేజులున్నాయి. ఒక్కటి చాలు మనిషికి. ఆ తెరను ఎన్నిసార్లు చదివానో, చదివినకొద్దీ అక్షరాలు అర్థం కాకుండా పోయాయి. బోనాల తల్లీ, నేను చేసిన దానికి పెద్దమ్మను తీసుకపోకు అని పైకే అన్నాను. ఆటోలో అందరూ నావైపు తిరిగారు.

మా ఊరి దారి మొదట్లో డప్పులు అడ్డమొచ్చాయి. దిగి వెంచర్ గోడ పక్క నుంచి పరుగెత్తాను. చెప్పు ఒకటి బురదలో ఉండిపోయింది. గడ్డిలో నుంచి అడ్డంగా పోయేసరికి రాతి కడీలు కనిపించాయి.

నాయినా అమ్మా బోనంతో గుడి దిక్కు పోయినట్టున్నారు, పెద్దమ్మ ఒక్కతే డబ్బాకు ఆనుకుని నిలబడి ఉంది. రెండు అరచేతులూ డబ్బా మీద, నుదురు డబ్బాకు ఆనించి. కాళ్ల దగ్గర ఇత్తడి చెంబు పడి ఉంది. పసుపు నీళ్లు తలుపు మీద నుంచి, ఆమె చేతుల మీద నుంచి కారుతున్నాయి. ఆమె కదలడం లేదు.

"పెద్దమ్మా."

కదల్లేదు.

నాకు కాళ్లు పడలేదు. పట్టుకుని లాగితే నేనూ అతుక్కుంటానని తెలుసు. అందరికీ నేర్పే మాటే అది: ముట్టద్దు, ఎండు కట్టెతో కొట్టు. బంతి చెట్లకు పాతిన వెదురు కట్టె ఒకటి పీకాను. అది తడిసి ఉంది. తడి కట్టె పనికిరాదని తెలుసు, అయినా దాన్ని పట్టుకుని నిలబడ్డాను. జీవితంలో అంత భయం నేనెప్పుడూ పడలేదు. పెద్దమ్మ చచ్చిపోయిందన్న భయం ఒకటి, నేను ముందుకు పోలేకపోతున్నానన్న భయం ఇంకొకటి. రెండోదే ఎక్కువ సిగ్గు.

"ఆ కట్టె ఎందుకే?" అంది పెద్దమ్మ, నుదురు తీయకుండానే.

నేను బురదలో కూలబడిపోయాను.

"చెయ్యి తియ్," అన్నాను. "పెద్దమ్మా, నీ కాళ్లు మొక్కుత, చెయ్యి తియ్."

ఆమె నెమ్మదిగా తీసింది. ఒక్కో చెయ్యి. నుదుటి మీద తలుపు అంచు గీత పడింది.

"జివ్వుమన్నదా?"

"ఊఁ."

"మరి ఎందుకు తీయలే?"

పెద్దమ్మ చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. "మీ పెద్దనాయిన ఆఖర్ల ముట్టింది దీన్నే గదా."

"ఇది అది గాదు పెద్దమ్మా. ఆ డబ్బా పోయింది. ఇది కొత్తది, నేను జేసింది."

"డబ్బా మారితె ఏంది బిడ్డా," అంది. "కరెంటు అదే గదా."

నేను అడగాలా వద్దా అనుకుంటూనే అడిగేశాను. "సచ్చిపోదామనుకున్నవా?"

"ఏమో. సద్దామని గాదు. తీయబుద్ధి గాలే, గంతే. జివ్వుమంటె ఆయన చెయ్యి పట్టుకున్నట్టే అనిపిస్తది."

ఊళ్లో మైకు ఉన్నట్టుండి ఆగిపోయింది. జైపాల్ కరెంటు తీయించాడు. ఊరంతా వాణ్ని తిట్టుకుంటుంటే నేనూ పెద్దమ్మా చేతులు పట్టుకుని గడ్డిలో నుంచి ఇంటికి నడిచాం. ఆమె చెయ్యి చల్లగా ఉంది. నేను వదల్లేదు.

*

నాయినకు చెప్పాను. అమ్మకు చెప్పాను. అమ్మ ఏడ్చి, ఆ రాత్రి నుంచే తన మంచం తీసుకుపోయి పెద్దమ్మ అర్రలో వేసుకుంది. నాయిన డబ్బాను పీకి పారేస్తానన్నాడు. "తాళమేద్దాం. ముండ్ల కంచె కడదాం. వదిన అటు దిక్కే పోకుంట జేద్దాం."

నేను వద్దన్నాను. నా మాట విని నాకే ఆశ్చర్యమేసింది. ముట్టద్దు, పోవద్దు అని రెండుసార్లు చెప్పి రెండుసార్లు ఓడిపోయాను. తాళం వేస్తే తాళం ముట్టుకుంటుంది, కంచె కడితే కంచె దాటి పోతుంది. ముట్టుకునే మనిషి ఉందని ఒప్పుకుని డబ్బా చెయ్యాలి.

నాలుగు రోజులు సెలవు పెట్టాను. అట్టపెట్టెలు కోసి, అంటించి, డబ్బా అంత కొలతతో ఒక బొమ్మ డబ్బా చేసి మా వాకిట్లో గోడకు నిలబెట్టాను. పెద్దమ్మ చేతికి ఖాళీ చెంబిచ్చాను.

"సాక ఎట్ల పోస్తవో సూపియ్."

"ఎందుకే?"

"సూపియ్ ముందు."

ఆమె సిగ్గుపడింది. తర్వాత కొంగు నడుముకు దోపి నిజంగానే పోసినట్టు పోసింది. ఎదురుగా రెండు చల్లులు. మూడోది ఒంపడం. నేను పెన్నుతో అట్ట మీద గుర్తులు పెట్టాను, నీళ్లు ఎక్కడ తగులుతాయో, ఎటు కారుతాయో. తర్వాత ఆమె అరచేతులు అట్ట మీద ఆనించింది. ఆ రెండు చేతుల చుట్టూ గీత గీశాను.

"దీపం యాడ పెడతవ్?"

"నెత్తి మీద. ఇంకేడ పెడత?"

ప్లాస్టిక్ డబ్బా నెత్తి మీద నూనె దీపం. అది కూడా నాకు తట్టలేదు. ముందు వైపు విడిగా ఒక చిన్న రాతి పలక అని రాసుకున్నాను.

"గిన్ని దినాలు అడగకపోతివి," అంది పెద్దమ్మ. "అడిగితె జెప్పకపోదునా?"

ఇంజనీర్లు అడగరు పెద్దమ్మా అన్నాను. నువ్వు ఇంజనీరువా అని ఆమె నవ్వింది. డిప్లొమా అని చెప్పాను.

మూడో డబ్బా అట్లా తయారైంది. డబ్బా లోపల డబ్బా. లోపలిది మూసి బిగించిన ఫైబర్ డబ్బా, అది కరెంటుది. దాని చుట్టూ బయట ఇంకో ఫైబర్ డబ్బా, వాలు కప్పుతో, అది పెద్దమ్మది. రెండింటికీ మధ్య ఎక్కడా వైరు లేదు, స్క్రూ లేదు, ఒట్టి గాలి. ఎంత ఎడం ఉండాలని లక్ష్మణన్న అడిగితే పెద్దమ్మ నాలుగు వేళ్లు అని చెప్పాను. స్కేలు పెట్టి కొలిస్తే ఏడు సెంటీమీటర్లొచ్చింది. ముందు వైపు ఒక్క గంటు లేదు. గాలి అడుగు నుంచి ఎక్కి వెనక నుంచి పోతుంది. రవ్వంత కరెంటు దారి తప్పినా లైను మొత్తం కొట్టేసే బ్రేకర్ ఒకటి పెట్టాను. రెండో డబ్బాలోనే పెట్టవలసింది, పెట్టలేదు, అదీ నా తప్పే. ఎర్తుకు ఈసారి రాగి కాకుండా ఇనుప పట్టీ వేశాను, దాన్ని ఎవరూ కోసుకుపోరు.

యూనిట్ వెనక కరెంటు లేకుండా పరీక్ష చేశాం. లోపలి డబ్బా చుట్టూ దినపత్రిక కాగితం చుట్టి, బయటి డబ్బా మూసి, లక్ష్మణన్న ఎదురుగా నిలబడి చెంబు మీద చెంబు కుమ్మరించాడు. ఇరవై చెంబులు. విప్పి చూస్తే కాగితం కరకరలాడుతోంది.

"ఇగ భయం పోయిందా?" అన్నాడు.

"లేదన్నా."

"పోవద్దు," అన్నాడాయన.

*

శ్రావణం ఆఖరి ఆదివారం బిగించాం. పొద్దున తొమ్మిదింటికి మబ్బు విడిచి సన్నగా ఎండ వచ్చింది. నాయిన, నేను, పెద్దమ్మ. అమ్మ రానంది, చూడలేనంది.

ఫోన్ కొట్టాను. మోటరు లోపల గుర్రుమంది, పైపులో నుంచి నీళ్లు దూకాయి. చెంబు నేనే తీసుకున్నాను. ఎదురుగా రెండుసార్లు చల్లాను, మూడోసారి కుమ్మరించాను. లెక్కలన్నీ సరిగ్గా ఉన్నాయని తెలుసు. తెలిసినా ముందు చేతి వెనక వైపు ఆనించాను. ఏం లేదు. చెయ్యి తిప్పి అరచెయ్యి ఆనించాను. నాయిన ఊపిరి పీల్చిన చప్పుడు నాకు వినిపించింది. ఏం లేదు. టెస్టర్ పెట్టాను, దీపం వెలగలేదు.

"జరుగు," అంది పెద్దమ్మ.

ఆమె తన చెంబు తానే పోసింది. ఒకటి కాదు, మూడు. చెప్పులు విడిచి తడి నేల మీద నిలబడి, అట్ట మీద నేను గీసుకున్న చోటనే రెండు అరచేతులూ పెట్టింది. కళ్లు మూసుకుంది. మేం ఎదురుచూశాం.

"ఏం లేదు," అంది చాలాసేపటికి.

నాకు గుండెల మీద నుంచి బండ దింపినట్టయింది. నవ్వుతూ నాయిన వైపు తిరిగాను. నాయిన నవ్వడం లేదు, పెద్దమ్మనే చూస్తున్నాడు. నేనూ చూశాను.

ఆమె చేతులు డబ్బా మీద వెతుకుతున్నాయి. పక్కలు తడిమింది. కప్పు తడిమింది. వంగి అడుగున తడిమింది. మళ్లీ ముందుకొచ్చి ఆ చోటనే పెట్టి, గట్టిగా అదిమింది.

"ఏం లేదు బిడ్డా. సల్లగ ఉన్నది, గంతే. దీంట్ల ఎవ్వరు లేరు."

అప్పుడు ఏడ్చింది. పెద్దనాయిన పోయిన నాడు ఆమె ఏడవలేదు, పెద్దకర్మ నాడు ఏడవలేదు, ఏడాది పొడుగునా ఏడవలేదు. ఇప్పుడు డబ్బా ముందు కూర్చుని, తడి నేల మీద రెండు చేతులూ ఆనించి ఏడ్చింది. నాయిన అడుగు ముందుకు వేయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. ఆమె కోసమే ఆ డబ్బా చేశాను. అది ఆమె దగ్గర నుంచి ఏం తీసుకుపోతుందో చేసేటప్పుడు నాకు తట్టలేదు. తట్టినా చేసేదాన్నే. అయినా ఆ నిమిషంలో నేను దొంగతనం చేసినట్టే నిలబడ్డాను.

ఎంతసేపయిందో తెలియదు. పాలకూర మడి నిండి గట్టు మీదికి నీళ్లు వస్తున్నాయి. పెద్దమ్మ ముక్కు తుడుచుకుని లేచింది. రాతి పలక మీద కుంకుమ పెట్టింది, డబ్బాకు పెట్టలేదు. చెంబు కడిగింది.

పరీక్ష అయిపోయింది గదా అని నేను మోటరు ఆపడానికి ఫోన్ తీశాను.

"ఆపకు," అంది.

"మడి నిండింది పెద్దమ్మా."

"మీ మడి నిండింది," అని గడ్డిపట్టిన తన ఎకరంన్నర వైపు చూసింది. "ఇయ్యాల ఆదివారం. నా వంతు."

నాయిన పార అందుకుని, మా కాలువ కట్టేసి, ఏడాదిగా పూడిపోయిన ఆమె కాలువకు గండి కొట్టడానికి పోయాడు.